భాద్రపదంలో పేరుకున్న నూనె

ఈ ఏడాది చలికి మా విజయనగరంలో కూడా కొబ్బరినూనె పేరుకుంది. పొద్దున్నే తల దువ్వుకుందామని సీసా వంచితే చుక్క రాలేదు. కాసేపు అరచేతుల మధ్య రుద్ది మూత తీస్తే, అంచుల్లో కొద్దిగా కరిగి లోపలి నుంచి గుంటగలగరాకు వాసన వచ్చింది. ఆ ఆకు వేసి నూనె కాచడం మా అత్త నేర్పింది. ఆవిడ పోయి ముప్పై ఏళ్ళు దాటినా నేను ఆ పాళ్ళు మార్చలేదు. నేను సీసాని చూస్తూ అలాగే నిలబడిపోతే, "అమ్మమ్మా, సీసాతో మాట్లాడుతున్నావా?" అని మనవరాలు నవ్వింది. మాట్లాడటం కాదు, వింటున్నాను అన్నాను. ఆ పిల్ల ఇంకా నవ్వింది. పేరుకున్న నూనె ఒకసారి నాకు ఏం చెప్పిందో దానికి తెలియదు. అది తెలియాలంటే ముందు మా అత్త తెలియాలి.

అత్త గురించి కోడలు రాస్తోందంటే ఏదో కడుపుమంట కక్కబోతోందనుకుంటారు. అలాంటివి లేవని అనను గానీ, ఇక్కడ వాటి జోలికి పోను. మా అత్త పేరు అప్పలనరసమ్మ. రాజాం దగ్గర, బస్సు దిగి రెండు మైళ్ళు నడిస్తే వచ్చే చిన్న ఊరు. మామగారు ఎప్పుడో పోయారు. మూడెకరాల వరిపొలం, ఒక జత ఎడ్లు, ఒక్క కొడుకు. ఆ ఒక్క కొడుకూ మిలట్రీలో చేరాడు. మా వైపు అదేం వింత కాదు, ఊరికి నలుగురైనా ఉండేవారు. ఆవిడకు అక్షరం ముక్క రాదు. కానీ అంత ఆరా తీసే మనిషిని నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. ఊళ్ళో వాళ్ళ గుట్టుమట్లు ఆవిడకు అక్కర్లేదు. చీమలు గుడ్లు మోసుకుని ఎటు పోతున్నాయి, పక్కూరి నువ్వులు మనవాటికంటే ఎందుకు నల్లగా ఉన్నాయి, ఇవీ ఆవిడ ఆరాలు. నేను కాపురానికి వెళ్ళిన కొత్తలో, మా పాతపట్నం నీళ్ళతో కందిపప్పు ఎంతసేపటికి ఉడుకుతుందో రెండురోజులు అడిగింది. మూడోరోజు, "పోనీ మీ అమ్మనడిగి రా" అంది.

నన్ను చూడటానికి వచ్చినప్పుడే ఆ సంగతి అర్థం కావలసింది. పాట పాడమనలేదు, నడిచి చూపించమనలేదు. చీరకొంగు ముడి విప్పి ఒక ఉత్తరం తీసి నా చేతిలో పెట్టింది. కొడుకు రాసిన ఉత్తరం. నేను ఎనిమిదో తరగతి పాసయ్యాను, గడగడా చదివేశాను. అంతా విని, "ఆ ఊరి నీల్లు ఎలగున్నాయని రాసినాడు?" అంది. నేను మళ్ళీ పైనుంచి కిందకు చూసి, "నీల్ల సంగతి రాయలేదు" అన్నాను. ఆవిడ మా నాన్న వైపు తిరిగి, "నేనిది ఉన్నాదని సెప్పలేదు. ఈ గుంట సాలు నాకు" అంది. మా వైపు లేనిదాన్ని నేనిది అంటారు, పిల్లని గుంట అంటారు. అంతకుముందు ఇద్దరమ్మాయిలు, పెద్దావిడ సంతోషపడుతుందని, నీళ్ళు తియ్యగా ఉన్నాయని చదివి వినిపించారట. అలా నాకు పెళ్ళయింది.

పెళ్ళయిన నలభై రోజులకు ఆయన సెలవు అయిపోయింది. ఆమదాలవలసలో రైలెక్కించి వచ్చాం. ఆ తరవాత మా కాపురమంతా ఉత్తరాల్లోనే. ఆయన అడ్రసులో ఊరి పేరు ఉండేది కాదు. పేరు, నంబరు, పటాలం, ఆపైన ఒక పోస్టాఫీసు నంబరు, అంతే. ఊరి పేరు రాయకూడదట, రాస్తే పైవాళ్ళు నల్లసిరాతో కొట్టేస్తారట. ఇంకొకరైతే బెంగపెట్టుకుని ఊరుకునేవారు. మా అత్త వేరే దారి పట్టింది. నేను కలం పట్టుకుని, "క్షేమమా అని రాయనా?" అంటే, "వొద్దు. సేమమనే రాస్తాడు, అదొక జవాబా?" అంది. "అక్కడ నేల ఎర్రదా నల్లదా? ఆవులకి మూపురం ఉన్నాదా? ఆడోల్లు నీల్ల కుండ నెత్తి మీద మోస్తారా, నడుం మీదా? పొద్దెప్పుడు గూకతాది? ఇయి రాయి." ఇరవై ఉత్తరాల్లో కూడా దొరకని మనిషిని ఆ ప్రశ్నలతో నాలుగు ఉత్తరాల్లో పట్టేసింది. ఆడవాళ్ళు వీపున బుట్ట కట్టుకుని, దాని పట్టీ నుదుటికి తగిలించుకుని ఆకు కోస్తారని ఆయన రాశారు. చుట్టూ వరి, కనుచూపు మేర చదును నేల, ఉత్తరాన మబ్బుల్లాంటి కొండలు.

ఆ ఉత్తరం పట్టుకుని మా ఊరి బడికి వెళ్ళాం. మేష్టారు గోడమీద దేశపటం విప్పి, ఆ ఆకు తేయాకు అయ్యుంటుందనీ, అది బెంగాలుకు ఉత్తరపు మూల అనీ వేలు పెట్టి చూపించారు. అత్త ఆ చోటు బాగా చూసుకుని, "మరి మన ఊరేది?" అంది. లేదన్నారాయన. "రాజాం?" అదీ లేదన్నారు. "రాజాం నేని పటం ఏటి పటం బాబూ?" అని పాపం ఆయన్ని కాస్త చిన్నబుచ్చింది. అయినా జాన చాపి కొలిచింది. ఇక్కడి నుంచి అక్కడికి జానెడు. ఆ పక్కనే గోధుమరంగు ముదిరి ఉన్నచోట వేలు పెట్టి, "ఈ రంగేటి?" అని అడిగింది. ఎత్తయిన కొండలన్నారు మేష్టారు. "అక్కడ నేడు గదా?" అంది. వరి పండేచోట కొండెక్కడిది, అన్నారు. ఆవిడ తృప్తిపడి ఇంటికి వచ్చింది.

అది అరవై ఏడో సంవత్సరం. నాకు పందొమ్మిదేళ్ళు, కడుపులో బిడ్డ. శ్రావణంలో పక్క ఊరి కుర్రాడొకడు సెలవు ముగించుకుని మా ఆయన పటాలానికే వెళుతుంటే, అత్త తాను కాచిన కొబ్బరినూనె సీసా ఒకటి గుడ్డలో చుట్టి పంపింది. వినాయకచవితి వెళ్ళిన వారానికి పంచాయతీ రేడియోలో కబురొచ్చింది. ఉత్తరాన కొండల మీద చైనావాళ్ళతో కాల్పులు జరుగుతున్నాయని. మా ఊళ్ళో మిలట్రీ కొడుకులున్న ఇళ్ళన్నిట్లో ఆ పూట పొయ్యి వెలగలేదు. మా ఇంట్లో వెలిగింది. "మనోడు సదునేల మీదున్నాడు, వరిసేల మధ్యన" అని అత్త అందరికీ చెప్పింది. నేనూ కడుపునిండా తిన్నాను. ఆ తిండి తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మరో పదిరోజులకు ఆయన ఉత్తరం వచ్చింది. అత్త చేటలో బియ్యం చెరుగుతోంది, నేను గడప మీద కూర్చుని చదువుతున్నాను. వరి దుబ్బు కట్టిందని, వానలు సరిపడా ఉన్నాయని, అంతా బాగుందని రాశారు. చివర్లో రెండు వాక్యాలు: "అమ్మ పంపిన నూనె అందింది. రోజూ పొయ్యి దగ్గర పెట్టి కరిగించుకుని నలుగురం రాసుకుంటున్నాం." చేట ఆగిపోయింది.

"మల్లీ సదువు" అంది అత్త. చదివాను. "కరిగించుకుని అనే రాసినాడా?" అదే రాశారన్నాను. ఆవిడ చేట పక్కన పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయింది.

నాకేమీ తట్టలేదు. మర్నాడు జవాబు రాయడానికి కూర్చున్నప్పుడు మాత్రం ఏదో తేడాగా అనిపించింది. ఒక్క ప్రశ్న కూడా లేదు. "అరికాల్లకి నూనె బాగా రాసుకో. సెవులు కప్పుకుని పడుకో" అని రాయించి, ఇంక చాలంది. ఆవులు, నేల, పొద్దు ఏవీ లేవు. ఆరా తీయడం ఆవిడ దగ్గరే నేర్చుకుంటున్నాను కాబట్టి, ఆవిడ మీదే మొదలుపెట్టాను. ఆ వారమంతా గమనించాను. తెల్లారకుండానే లేచి చిన్న గిన్నెలో నూనె పోసి నూతిగట్టు మీద పెట్టేది, కాసేపాగి వేలితో కదిపి చూసేది. ఇంకోరోజు ఆ గిన్నెను నీళ్ళకుండ కింద తడి ఇసకలో పెట్టింది. నూనె నూనెలాగే ఉంది. "ఏటి సూస్తన్నావత్తా?" అంటే, "నువ్వు కూడా సూద్దువు గాని, రాజాం ఎల్దాం" అంది.

నర్సుకి చూపించాలని రాజాం తీసుకువెళ్ళింది. చూపించుకుని బయటకు వచ్చాక బజారులో ఒక సోడాకొట్టు ముందు ఆగింది. కొట్టతను, "ఏటమ్మా, కలర్ సోడా కొట్టమంటావా?" అన్నాడు. "సోడా వొద్దు నాయినా. కూసింత ఐసు ఉంటే ఈ సీసా దాంట్లో పెడతావా?" అని కొంగులోంచి చిన్న నూనెసీసా తీసింది. అతను వింతగా చూసి, రంపపు పొట్టు తప్పించి ఐసుగడ్డ పక్కన సీసా గుచ్చాడు. మేం బల్లమీద కూర్చున్నాం. కొంతసేపటికి తీస్తే నూనె తెల్లగా రాయిలా అయిపోయింది. అత్త దాన్ని నా చేతిలో పెట్టింది. అరచేతుల మధ్య రుద్దాను, కరగలేదు. ఎండలో పెడితే మెల్లగా కరిగింది.

"ఇపుడు సెప్పు" అంది.

పుష్యమాసంలో తెల్లవారుజామున మా ఇంట్లో కూడా నూనె పేరుకుంటుంది, కానీ చేత్తో పట్టుకుంటే చాలు కరిగిపోతుంది. పొయ్యి అక్కర్లేదు. ఇది భాద్రపదం. ఒళ్ళంతా చెమట. పటంలో జానెడు దూరంలో ఉన్న వరిపొలాలకు మాత్రం ఇంత చలి ఎక్కడి నుంచి వస్తుంది? మేష్టారి పటంలో ముదురు రంగు కళ్ళముందు కనబడింది.

"ఆయన వరిసేల మధ్యన నేరత్తా. కొండమీదున్నారు" అన్నాను.

"ఊఁ" అంది. నేను ఆ బల్లమీదే ఏడ్చాను. ఊరుకోమనలేదు. కొట్టతను కంగారుపడి ఊరికే ఒక సోడా కొట్టి ఇచ్చాడు. అది తాగించి, అప్పుడు చెప్పింది. "కడుపుతో ఉన్నదానికి సెప్పకూడదని ఊరోల్లంతా అంటారు. దాస్తే నీకు సుకమేటి? రోజూ నా మొకం సూసి నాలుగురకాలు అనుకుంటావు. నాను సెప్తే నన్ను నమ్మాల. నమ్మకం ఇయాల ఉంటాది, రేపు ఉండదు. నీ కల్లతో సూసుకుంటే నిలబడతావు." ఆ రోజు నాకు ఆవిడ మీద పట్టలేనంత కోపం వచ్చింది. నిలబడతానని మాత్రం ఇంటికి చేరేసరికి నాకూ తెలిసింది.

అబద్ధం బయటపడిందని ఆయనకు రాసేద్దామన్నాను. అత్త ఒప్పుకోలేదు. "ఆడు అంత పనిలో పడి మనకోసం పొలం ఏసినాడు. తొక్కీమంటావేటి? పంట సంగతే అడుగు." అడిగాం. ఆ తరవాత జరిగింది నేను ఎవరికి చెప్పినా నమ్మరు. పచ్చగడ్డి పోచ మొలవని చోట కూర్చుని మా ఆయన ఉత్తరాల్లో వరి పండించారు. పొట్ట మీద ఉందని ఒక ఉత్తరం. ముడత పురుగు కనిపించిందని ఇంకొకటి. గట్టు తెగి నీళ్ళు పోయాయని రాస్తే అత్తకు నిజంగానే కోపం వచ్చి, "ఎవుడు కట్టినాడా గట్టు? ఇంత పసిరిక గడ్డి పెట్టి తొక్కమను" అని రాయించింది. లేని పొలానికి అంత శ్రద్ధగా సలహాలు రాస్తూ రాస్తూ నాకూ దాని మీద మమకారం పుట్టింది. ఒక ఉత్తరంలో మాత్రం, అవతలి నుంచి ఏనుగులు దిగాయని, అందరం కలిసి తరిమేశామని, తనకేమీ కాలేదని రాశారు. ఆ ఏనుగులు ఎవరో నాకు అర్థమైంది. "ఎన్ని ఏనుగులో, ఇంకెవరికేమయిందో అడగనా?" అన్నాను. "వొద్దు. వరి ఈనినాదేమో అడుగు" అంది అత్త.

దానికి జవాబు రాలేదు. దీపావళి వెళ్ళింది, కార్తీక పౌర్ణమి వెళ్ళింది. పురిటికి పాతపట్నం రమ్మని మా నాన్న రెండుసార్లు వచ్చారు. ఉత్తరం వస్తే ఇక్కడికే వస్తుందని నేను కదల్లేదు. పోస్టుమాన్ సైకిలు బెల్లు వినబడితే అత్త పని ఆపేది కాదు గానీ, చేతిలో పని తప్పుగా చేసేది. మజ్జిగలో ఉప్పుకి బదులు పిండి కలిపింది ఒకసారి. ఊళ్ళో వాళ్ళు వచ్చి ఓదార్పు మాటలు మొదలుపెడితే, "ఏటి సూసి సెప్తన్నారు?" అని అడిగి పంపేసేది.

ముందు వేసిన మడి కోస్తున్న రోజు ఉత్తరం వచ్చింది. నేను కోతకు వంగలేక గట్టు మీద కూర్చుని ఉన్నాను. పోస్టుమాన్ నేరుగా పొలానికే తెచ్చాడు. కవరు మీద దస్తూరి ఆయనది కాదు. అది చూడగానే అత్త కొడవలి పట్టుకునే లేచి నిలబడింది. నేను విప్పి పైకి చదివాను. "ఇక్కడ రైతులకు కోతల్లో సాయానికి వెళ్ళాను. కొడవలి తగిలి కుడిచెయ్యి తెగింది. అందుకని స్నేహితుడిచేత రాయిస్తున్నాను. కంగారుపడకండి. మన ఎర్రెద్దు కుంటు తగ్గిందా?"

అక్కడ ఆగి, అత్త చేతులు చూశాను. కుడిచేతిలో కొడవలి. ఎడమచేతిలో వరి దుబ్బు. ఎడమ వేళ్ళ మీద ఏళ్ళనాటి కొడవలి గాట్లు, కుడిచేతి మీద ఒక్కటీ లేదు.

"అత్తా, కొడవలితో కోస్తే తెగేది ఎడం సెయ్యి గదా. ఈయన కుడి సెయ్యి అని రాసినారు."

పనివేళ పొలంలో ఆవిడ కూలబడటం అదే మొదటిసారి చూశాను. నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ధైర్యం, ఉత్తరం మళ్ళీ చదివాను, ఆవిడ నేర్పినట్టే, ఉన్నది ఏమిటి లేనిది ఏమిటి అని. "దెబ్బ తగిలినాది. నిజమే. కానీ మన ఎర్రెద్దు కుంటు సంగతి స్నేహితుడికేం తెలుసు? ఇది ఈయన నోటి మాటే. తెలివిలో ఉన్నారు. ఎద్దు సంగతి అడిగేటంత తెలివిలో ఉన్నారత్తా."

ఆవిడ నావైపు తిరిగింది. "నాకంటే బాగా సూసినావే గుంటా" అంది. తరవాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను ఊరుకోమనలేదు.

మాఘమాసంలో ఆయన వచ్చారు. అప్పటికి మా అమ్మాయికి నెల వెళ్ళింది. ఆయన కుడిచేతికి మోచెయ్యి నుంచి మణికట్టుదాకా కుట్లు. వేళ్ళు మూసుకోవు. మిలట్రీకి ఇక పనికిరారని పంపేశారు. అన్నం ముందు కూర్చుని, ఎడమచేత్తో ఎలా తినాలో తెలియక తల వంచుకున్నారు. అత్త వచ్చి పక్కన కూర్చుని, అన్నం కలిపి ముద్దలు పెట్టడం మొదలుపెట్టింది. నాలుగో ముద్ద పెడుతూ, "పంట ఎలగొచ్చినాదిరా?" అంది.

"ఏ పంట?" అన్నారు.

"నువ్వేసినావు గదరా ఆ కొండమీద."

ఆయన ముద్ద మింగకుండా మా ఇద్దరి ముఖాలూ చూశారు. మొదట నవ్వు వచ్చింది. ఆ నవ్వు అలాగే ఏడుపైపోయింది. "మొదటినుంచీ తెలుసా అమ్మా?" అంటే, "తిను ముందు" అంది. "ఆ నలుగురం..." అని ఏదో మొదలుపెట్టి ఆగిపోయారు. నాకు నాలిక చివరిదాకా వచ్చింది, ఆ నూనె రాసుకున్న మిగతా ముగ్గురూ ఏమయ్యారని. నోరు తెరిచాను కూడా. అత్త నావైపు చూడకుండానే, "మంచినీల్లు పట్రా" అంది. నీళ్ళు ఆయన పక్కనే ఉన్నాయి.

ఆ తరవాత విజయనగరంలో ఆయనకు చిన్న ఉద్యోగం దొరికింది. నన్ను అత్త పట్టుబట్టి చదివించింది. ఇరవై తొమ్మిదేళ్ళు పిల్లలకు సైన్సు చెప్పాను. "పుస్తకంలో ఉందని కాదు, నువ్వు చూశావా?" అని అడిగి వాళ్ళ ప్రాణాలు తీశాననీ, అందుకే ఆ పాఠాలు మర్చిపోలేదనీ ఇప్పటికీ కొందరు కనబడితే చెబుతారు. అత్త చివరిదాకా మా దగ్గరే ఉంది. కాళ్ళు పడిపోయాక కూడా కిటికీలోంచి వీధిలో వాళ్ళను పిలిచి ఆరాలు తీసేది. కొడుకును మాత్రం, ఆ కొండమీద ఏం జరిగిందని అన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. ఒకరోజు ఆవిడ తల దువ్వుతూ ఉండబట్టలేక అన్నాను. "లోకంలో అన్నీ అడిగినావు గదత్తా. అదొక్కటీ తెలుసుకోవాలని నేదా?"

"ఎందుకు నేదే" అంది. "అడిగితే, సెప్పడానికి ఆడు మల్లీ అక్కడికెల్లాల గదే."

మా ఆయనకు ఇప్పుడు ఎనభై రెండు. నేను రోజంతా ఏదో ఒకటి అడుగుతూనే ఉంటాను. మందు వేసుకున్నారా, వీధి చివర కొత్తగా కడుతున్నదేమిటి, పేపర్లో వాన ఎప్పుడన్నాడు. విసుక్కుంటూనే అన్నిటికీ జవాబు చెబుతారు. ఒక్కోసారి సాయంత్రం పూట, ముడుచుకోని ఆ వేళ్ళను ఒళ్ళో పెట్టుకుని ఎటో చూస్తూ కూర్చుంటారు. అప్పుడు నేను కూడా కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంటాను. ఏమీ అడగను.